తాండూరులో దిష్టిచుక్క వజ్రం

తాండూరు నుంచి తిరిగి వచ్చి వారం దాటినా నా కోపం ఇంకా దిగలేదు. నిన్న పక్కింటివాళ్ళు గోడకు మేకు కొడుతుంటే ఆ సుత్తె చప్పుడుకే ఒళ్ళు మండి కిటికీ దబాలున మూసేశాను. ఊళ్ళు చూసి వచ్చినవాళ్ళు కొండలు బాగున్నాయనో టిఫిన్లు బాగున్నాయనో రాస్తారు. అవీ రాస్తాను. అనంతగిరి కొండ బాగుంది, తాండూరు కందిపప్పు ఇంకా బాగుంది. కానీ బాగాలేనిది కూడా చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మాది కర్నూలు వైపు, జొన్నగిరి దగ్గర పల్లె. తొలకరి పడగానే జనం పొలాల్లో నడుములు వంచి వజ్రాలు వెతికే ప్రాంతం అది. మా నాయన వెనక నేనూ చాలా వానాకాలాలు తిరిగాను. మెరిసే రాయి కనబడితే చాలు గుండె ఆగిపోయేది. ఒక్కటీ వజ్రం కాలేదు. ఆ ఆశ తీరకే కాబోలు, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక హైదరాబాదులో ఒక సాయంత్రపు కోర్సులో చేరాను. వజ్రాలనూ ముత్యాలనూ గుర్తుపట్టడం, వాటికి గ్రేడు కట్టడం నేర్పుతారు. నా పక్క కుర్చీ నస్రీన్‌ది. తాండూరు పిల్ల. పగలంతా ఒక నగల దుకాణంలో నిలబడి, సాయంత్రం ఉబ్బిన కాళ్ళతో క్లాసుకు వచ్చేది.

ఒకరోజు మాస్టారు వజ్రం గట్టిదనం గురించి చెబుతూ, "వజ్రాన్ని వజ్రమే గీయగలదు. కానీ సుత్తెతో ఒక్కటి వేస్తే పగిలిపోతుంది. గీత పడకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు," అన్నాడు. అందరం రాసుకుంటున్నాం. నస్రీన్ పెన్ను పడేసి లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. మంచినీళ్ళ కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నిలబడి ఉంది.

"ఆంటీ, అసలు వజ్రం గూడ పలుగుతదా?" అని అడిగింది.

"చెప్పాడుగా మాస్టారు."

"గట్లయితె మా అమ్మీ దొంగ కాదు," అంది. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది.

కాసేపటికి తేరుకుని, తనతో తాండూరు రమ్మని అడిగింది. "నేను చెప్తె వాళ్ళు వినరు. మీరైతె..." అని ఆగిపోయింది. నా నోటి సంగతి క్లాసులో అందరికీ తెలుసు. వస్తానన్నాను.

రైల్లో అగ్గిపరీక్ష

లింగంపల్లిలో ఎక్కాం. శంకర్‌పల్లి దాటాక ఒకతను చేతి నిండా ముత్యాల దండలు వేలాడదీసుకుని వచ్చాడు. దండ నూటయాభై. లైటరు వెలిగించి దండ కింద పెట్టాడు. "చూడుండ్రి, కాలుతలేదు. కాలితె పైసలు వాపస్," అంటున్నాడు. మా ఎదుటి సీట్లో ఒళ్ళో పిల్లాడిని పడుకోబెట్టుకున్న ఒక అమ్మాయి చెల్లెలి పెళ్ళికని పర్సు తెరిచింది.

నేను ఊరుకోలేకపోయాను. దండ తీసుకుని, "పంటి అంచుకు రాసి చూడమ్మా. అసలు ముత్యమైతే సన్నటి ఇసకలా తగులుతుంది. ఇది జారిపోతోంది చూడు. గాజుపూస మీద రంగు పూశారు. గాజు మాత్రం లైటరుకు కాలుతుందా?" అన్నాను. సంచిలోంచి లూప్ తీశాను. వస్తువును పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న అద్దం అది, మా కోర్సులో పలకా బలపం లాంటిది. పూసకు వేసిన బెజ్జం దగ్గర రంగు పొరలుగా లేచిపోయి ఉంది. అది కూడా చూపించాను.

అమ్మేవాడు నా మీద కస్సుమన్నాడు. "నూటయాభైకి అసలు ముత్యాలు ఎవలిస్తరు మేడం? నేను అసలువని అన్ననా? కాలవు అన్న. కాలినయా?"

కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన కూడా అతని వైపే. "ఎందుకమ్మా, పొద్దుగాల్నే ఆయన పొట్ట గొడ్తవ్?"

ఆ అమ్మాయి దండ కొననే కొంది. "మెడల ఏస్కుంటె మంచిగుంటది, చాలు తియ్యండి," అని నాతోనే చెప్పింది. నేను మొహం మాడ్చుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నస్రీన్ మాత్రం ఆ రోజు మొదటిసారి నవ్వింది. "సేటు ముందట గూడ గిట్లనే మాట్లాడాలె ఆంటీ," అంది. ఏ సేటో అప్పటికి నాకింకా చెప్పలేదు.

వికారాబాద్: కొండెక్కిన టీ

మా టికెట్లు తాండూరుకే. కానీ వికారాబాద్‌లో బండి ఆగగానే నస్రీన్ సంచి భుజాన వేసుకుని దిగిపోయింది. ఏమీ అర్థం కాక నేనూ దిగాను. "ఇయ్యాల నాతోని కాదు. రేపు పోదాం. మా ఖాలా ఇల్లు ఈడ్నే," అంది. ఖాలా అంటే పిన్ని. రైలు వెళ్ళిపోయాక తిట్టి లాభమేముంది. స్టేషను బయట పది రూపాయల టీ తాగి షేర్ ఆటోలో అనంతగిరి వెళ్ళాం.

చెట్లు చల్లగా ఉన్నాయి, గాలి బాగుంది. మనుషులే బాగాలేరు. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చి డిక్కీలు తెరిచి చెవులు చిల్లులుపడేలా పాటలు పెట్టుకున్నారు. అడివిని చూడడానికి వచ్చి పాటలెందుకో నాకు తెలియదు. కింద పది రూపాయలున్న టీ కొండ మీద ముప్పై. ఎందుకయ్యా అని అడిగితే, "పైకి ఎక్కియ్యాలె గద మేడం," అన్నాడు హోటలతను. ఆటోలో నన్ను ఎక్కించడానికి ఇరవై తీసుకున్నారు, టీని ఎక్కించడానికీ ఇరవయ్యేనట. మిర్చీలు కొని బెంచీ మీద పెట్టానో లేదో కోతి పొట్లాంతో సహా ఎత్తుకుపోయింది. దాన్ని కూడా తిట్టాను.

ఆ బెంచీ మీదే నస్రీన్ జరిగిందంతా చెప్పింది.

వాళ్ళమ్మ ఖైరున్నీసా తాండూరులో ముత్యాలు గుచ్చేది. హైదరాబాదు పాతబస్తీలో తన తల్లి దగ్గర నేర్చుకున్న పని. పెళ్ళిళ్ళ కాలం వస్తే హిందువుల ఇళ్ళ నుంచీ ముస్లింల ఇళ్ళ నుంచీ పాత హారాలు వచ్చేవి. చివికిన దారం తీసేసి కొత్త పట్టుదారంతో, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తూ గుచ్చి ఇచ్చేది. భర్త పోయాక ఇల్లు ఆ పనితోనే నడిచింది. విఠల్ సేటు అని ఊళ్ళో ఇళ్ళ నేలకు పరిచే బండల పాలిష్ మిషన్లున్న ఒకాయన. ఆయన తల్లి భాగమ్మకు పుట్టింటివారిచ్చిన ముత్యాల హారం ఉంది. దాని పతకం నడుమ ఒక వజ్రం. రెండేళ్ళ క్రితం ఆ హారం గుచ్చడానికి ఖైరున్నీసా దగ్గరికి వచ్చింది.

"వజ్రం మబ్బు మబ్బుగ ఉండెనంట ఆంటీ. ఎన్నేండ్ల నూనెనో, పసుపో. అమ్మీ కుంకుడు నీళ్ళల్ల పతకం నానేసి మెత్తటి బ్రష్‌తోని కడిగింది. మస్తు మెరిసింది. అమ్మీ ఎంత సంబురపడ్డదో. సేటు చూసి, మాది గింత మెరుపు ఎన్నడు లేకుండె, మాది తీసి గాజుది పెట్టినవ్ అన్నడు."

శుభ్రం చేసినందుకు దొంగతనం అంటగట్టారన్నమాట. వజ్రానికి నూనె, జిడ్డు ఇట్టే అంటుకుంటాయి, కడిగితే మెరుస్తుంది. కోర్సులో మొదటి వారమే చెబుతారు. అసలు కోర్సెందుకు, ఇంట్లో అద్దం తుడిచినవాళ్ళకు తెలియదా?

"మల్ల?" అన్నాను. ఆ పిల్లతో కూర్చుని నాకు వాళ్ళ మాట అంటుకుంది.

"మా ఊళ్ళె బండలు కోసే బ్లేడుకు వజ్రం పొడి ఉంటది. వజ్రం బండనే కోస్తది, దానికి ఏం గాదని అందరి నమ్మకం. బండ మంచిదో కాదో సుత్తెతోని కొట్టే చూస్తరు, ఖంగుమంటె మంచిది. గట్లనే సేటు దీన్ని గూడ మిషన్ కాడికి తీస్కపోయి, బండ మీద పెట్టి కొట్టిండు. పలిగింది. ఇగ చూడుండ్రి, మా గల్లీకొచ్చి అందరి ముందట దొంగ దొంగ అని ఒర్రిండు. మొగడు లేనిదాన్ని పోలీసులకేం పట్టిస్త, పాపమని ఇడిసిపెడ్తున్న అన్నడు."

మర్నాటి నుంచి ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి సగం గుచ్చిన హారాలు కూడా పట్టుకుపోయారు. ఇప్పుడు ఖైరున్నీసా ఇంటి ముందు జొన్నరొట్టెలు చేసి అమ్ముతోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా వైపు జనం వజ్రం కోసం వానలో తడుస్తారు, ఎండలో మాడతారు, దొరికితే చీర కొంగున మూట కట్టుకుని నిద్ర మానేస్తారు. దాని దగ్గరికి సుత్తె పట్టుకుని వచ్చేవాణ్ణి ఊరు ఊరంతా మీద పడి చెయ్యి పట్టుకుంటుంది. ఇక్కడ వజ్రాన్ని బండమీద పెట్టి బాదింది ఒకడు, దొంగ అనిపించుకుంది మరొకరు. రేపు కాదు, ఇప్పుడే పోదాం పద అన్నాను. నస్రీన్ కదల్లేదు. ఆ రాత్రి ఖాలా ఇంట్లో పుల్లటి పప్పు, వేడి రొట్టె పెట్టారు. ఎంత రుచిగా ఉందో చెప్పాలని ఉంది కానీ, నేను కోపంతో నమిలాను.

బస్సులో గొర్రెల ముచ్చట

మర్నాడు బస్సెక్కాం. దారి పొడుగునా కందిచేలు. నా పక్కన బషీరాబాద్ నుంచి వచ్చి చుట్టాలింటికి పోతున్న ఒకావిడ కూర్చుంది. గొర్రెలు కాసే ఇల్లు. ఆమె తోడికోడళ్ళిద్దరు వెనక సీట్లో కన్నడం మాట్లాడుతుంటే మధ్య మధ్య వాళ్ళకు అదే భాషలో జవాబిస్తూ, నాతో తెలుగులో మాట్లాడింది. ఎక్కడికి, ఎందుకు, ఎవరింటికి, సంచిలో ఏముంది, అన్నీ అడిగింది. మా వైపు ఇంత తొందరగా అడగరు, కనీసం కండక్టరు టికెట్టు కొట్టేదాకా ఆగుతారు. రాళ్ళు అసలువో నకిలీవో చూసే చదువు చదువుతున్నానని చెప్పాను.

"మేము గొర్రెను పండ్లు జూసి చెప్తం, ఏడాదిదా రెండేండ్లదా అని," అంది.

సుత్తె సంగతి చెబితే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "కొట్టి చూసుడేంది? గొర్రె మంచిదో కాదో కోసి చూస్తమా?"

ఈ మాట చెప్పడానికి మా మాస్టారికి గంట క్లాసు పట్టింది. బస్సులో నేను మొదటిసారి గట్టిగా నవ్వాను. ఆవిడ నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టి దిగిపోయింది.

తాండూరు: బండల ఊరు

తాండూరులో కాలు పెడితే బండ, చెయ్యి పెడితే బండ. ఇంటి నేల, ప్రహరీ, కాలువ మీద మూత, ఆఖరికి టీ కొట్టు బల్ల కూడా ఆ నీలం బండే. మా కర్నూలు వైపు బేతంచెర్ల బండ ఇలాగే ఇంటింటా ఉంటుంది కాబట్టి నాకు వింత అనిపించలేదు. పాలిష్ మిషన్ల రొద, తెల్లటి నీళ్ళు పారే కాలువలు, చెట్ల ఆకుల మీద బూడిద రంగు పొడి. ఒక షెడ్డు ముందు ఇద్దరు మనుషులు మందపాటి బండకు అంచున ఉలి పెట్టి మెల్లగా తడుతున్నారు. బండ రెండు పలకలుగా, కోసినట్టు నున్నగా విడిపోయింది. నేను నడక ఆపేశాను. పొర వెంబడి దెబ్బ పడితే ఎంత గట్టి రాయైనా విడిపోతుంది. వజ్రం విరిగేదీ అచ్చం ఇలాగే. రోజూ కళ్ళ ముందు ఇది చూస్తూ కూడా ఆ సేటు సుత్తె ఎత్తాడే అని నాకు కోపం రెట్టింపయింది. అక్కడ పడి ఉన్న చిన్న పలక ముక్కను అడిగి సంచిలో వేసుకున్నాను.

అప్పుడే వజ్రం పరీక్షించే పెన్ను, అసలు వజ్రానికి తగిలితేనే మోగేది, తీసి చూస్తే వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది. ఇంత దూరం వచ్చి ఇదీ నా తెలివి. కిరాణా కొట్టతను చదరపు బ్యాటరీ లేదంటూ గడియారం సెల్లులు అంటగట్టబోయాడు. మూడో కొట్టులో దొరికింది. హైదరాబాదు ధరకు పదిహేను ఎక్కువ. బేరమాడే ఓపిక లేక ఇచ్చేశాను.

ఖైరున్నీసా ఇంటి ముందు పొయ్యి మీద పెనం కాగుతోంది. ఆమె చేతులతో తట్టి తట్టి రొట్టెను పల్చగా చేసి పెనం మీద వేస్తోంది. కూతురిని చూడగానే మొహం వెలిగింది. మేం ఎందుకొచ్చామో చెప్పగానే ఆరిపోయింది.

"ఒద్దు బిడ్డా. గా ఇంటి గడప తొక్కుడు నాతోని కాదు."

"మీరు రానక్కర్లేదు, మేము వెళ్తాం," అన్నాను. "ఆ వజ్రం మీరు దగ్గర నుంచి చూశారు కదా. ఏదైనా గుర్తుందా?"

ఆలోచించకుండానే చెప్పింది. "ఒక నల్ల చుక్క ఉండె, అంచుకు. నువ్వుగింజల సగం గూడ లేదు. కడిగినంక ఇంక మంచిగ కనబడ్డది. హారం తెచ్చిన నాడే భాగమ్మ పెద్దమ్మకు చెప్తె నవ్వింది. అది దిష్టిచుక్క ఖైరూ, మా అమ్మ చిన్నప్పుడే చూపించింది అన్నది."

మా కోర్సులో అలాంటి చుక్కను లోపం అంటారు. అది ఎంత ఉంది, ఎక్కడ ఉంది అని చూసి గ్రేడు తగ్గిస్తారు. ఆ ఇంట్లో దాన్ని దిష్టిచుక్క అన్నారు. వాళ్ళ మాటే బాగుంది.

మాకు రొట్టె, కందిపప్పు పెట్టింది. ఇక్కడి కందిపప్పు మా వైపు దానికంటే తొందరగా ఉడుకుతుంది, రుచీ ఎక్కువే, ఒప్పుకోక తప్పదు. తింటున్నప్పుడు ఆమె చేతులు చూశాను. ముత్యాలు గుచ్చిన వేళ్ళ కొసలకు ఇప్పుడు కాలిన మచ్చలు.

సేటు ఇల్లు

విఠల్ సేటు వరండాలోనే ఉన్నాడు. హైదరాబాదు నుంచి వజ్రాల కోర్సు మేడం అనగానే కుర్చీ వేయించాడు. నస్రీన్ తనెవరో చెప్పగానే మొహం ముడుచుకున్నాడు. "పాత ముచ్చట ఇప్పుడెందుకమ్మా? నేను అప్పుడే ఇడిసిపెట్టిన," అన్నాడు. ఇడిసిపెట్టాడట!

లోపలి నుంచి భాగమ్మ వచ్చింది. పొట్టిగా, తెల్లగా నెరిసిన తలతో, కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలావిడ. "పలిగిన ముక్కలు ఉన్నాయా అమ్మా? ఒకసారి చూస్తాను," అన్నాను. ఆమె పూజ గదిలోకి వెళ్ళి గుడ్డమూట తెచ్చింది. "గాజే అన్నడు గని, మా అమ్మ ఇచ్చిన పతకంలది గద బిడ్డా. పారేయ బుద్ధి కాలే."

మూటలో పలుకులు, పొడి. కాస్త పెద్దవాటిని తీసి లూప్‌లో చూశాను. గాజు పగిలితే ఆ చోట గుల్లలా వంపు తిరిగి ఉంటుంది. ఇవి నున్నగా, మెట్లు మెట్లుగా ఉన్నాయి. సంచిలోంచి తాండూరు పలక తీసి, దాని విరిగిన అంచు చూపించాను. "మీ బండ పొర వెంబడి విడిపోయినట్టే ఇదీ విడిపోయింది. ఇది గాజు కాదు." తరవాత ఒక పలుకును మైనం ముద్దలో గుచ్చి పెన్ను ఆనించాను. కూ అని మోగింది.

"గా మిషన్‌కేమున్నది, దేనికైన మోగుతది," అన్నాడు సేటు.

నా చేతి గాజుకు ఆనించాను. మోగలేదు. నేల మీది బండకు ఆనించాను. మోగలేదు. ఆయన చొక్కా గుండీకి ఆనించాను. మోగలేదు. సేటు గుండీ సర్దుకున్నాడు.

భాగమ్మ నా వైపూ కొడుకు వైపూ చూస్తోంది. నాకు అప్పుడొక సందేహం వచ్చింది. మూటలో ఉన్నవన్నీ కలిపినా పతకంలో పెట్టేంత వజ్రం కాదు. "మిగతాది ఏదమ్మా?" అని అడిగాను.

"పెద్ద పలుకు మా మనుమరాలి ముక్కుల ఉన్నది," అంది ఆవిడ ఏ కల్మషం లేకుండా. "గాజే గని మంచిగ మెరుస్తదని విఠల్ హైదరాబాద్‌ల పుడక చేయించిండు. ఓ పిల్లా, ఇటు రా!"

నేను సేటు వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. పగిలిన గాజుపెంకును సాన పట్టించి, బంగారంలో బిగించి, కూతురి ముక్కుకు పెట్టించే తండ్రి ఈ లోకంలో ఎక్కడైనా ఉంటాడా?

కాలేజీ పిల్ల వచ్చింది. ముక్కుకు పెన్ను ఆనిస్తే కూ అని మోగి, పిల్ల ఉలిక్కిపడి నవ్వింది. నేను లూప్ కంటికి పెట్టుకుని వంగి చూశాను. పుడక అంచున, ఒక మూలకు, నల్ల చుక్క.

 లూప్‌ను భాగమ్మ చేతిలో పెట్టి, ఎలా పట్టుకోవాలో చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు తీసేసింది. మనుమరాలి గడ్డం పట్టుకుని, మొహం వెలుగు వైపు తిప్పి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. పిల్ల, "నాయనమ్మా, చక్కిలిగిలి అయితుంది," అంటున్నా వదల్లేదు.

"మా అమ్మ చూపిచ్చిన దిష్టిచుక్క," అంది చివరికి. లూప్ నాకిచ్చి కొడుకు వైపు తిరిగింది. "నీకు ఎరుకనేనారా?"

సేటు గొంతు తగ్గించాడు. "పగిలినంక హైదరాబాద్‌ల చూపించిన అమ్మా. అసలుదే అన్నరు. అప్పటికే గల్లీల అనొచ్చిన. మల్ల పోయి ఏమని చెప్పాలె?"

ఇంతసేపూ నేను ఆ మనిషిని తెలివితక్కువవాడనే అనుకున్నాను. తెలియక సుత్తె ఎత్తాడు, తెలియక నోరు పారేసుకున్నాడు అనుకున్నాను. తెలిసే ఊరుకున్నాడని అర్థం కాగానే కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

"ఏమని చెప్పాలా?" అన్నాను. నా గొంతు వీధి దాకా వినిపించి ఉంటుంది. "నేనే కొట్టి పగలగొట్టాను, ఆమె దొంగ కాదు అని చెప్పాలి. దీనికి కోర్సులు చదవాలా? సిగ్గు లేదా మీకు? ఆమె పొయ్యి ముందు చేతులు కాల్చుకుంటుంటే మీ పిల్ల ముక్కుకు పుడక పెట్టి మురిసిపోయారా?"

"జర మెల్లగ మాట్లాడుండ్రి మేడం, ఆజుబాజు వింటరు," అన్నాడు. తను ఒర్రినప్పుడు ఆజుబాజు వినడమే కావలసి వచ్చింది. ఇప్పుడు అక్కరలేదు! "అయిందేదో అయింది. ఇగ నుంచి మా ఇంటి ముత్యాలు ఆమెకే ఇస్తం. టీ తాగుండ్రి."

టీ వచ్చింది. నేనూ నస్రీనూ కప్పు ముట్టుకోలేదు. నస్రీన్ ఇప్పుడు లేచి నిలబడి, "గల్లీల అన్నరు. గల్లీల్నే చెప్పుండ్రి," అంది.

సేటు కదల్లేదు. భాగమ్మ లేచి పూజ గదిలోకి వెళ్ళింది. స్టీలు డబ్బాతో బయటికి వచ్చి, చెప్పులేసుకుని మెట్లు దిగింది. "అమ్మా, ఎండ," అన్నాడు కొడుకు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

గల్లీలో

బండలు పరిచిన దారి మీద ముసలావిడ ముందు, మేమిద్దరం వెనక. దారిలో ఎవరో పెద్దమ్మా ఎక్కడికి అని అడిగారు. ఆవిడ నడక ఆపలేదు. ఖైరున్నీసా ఇంటి ముందు రొట్టెల కోసం నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. భాగమ్మ వాళ్ళ మధ్య నుంచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

"ఖైరూ," అంది. ఆయాసపడుతోంది, అయినా గట్టిగానే చెప్పింది. "అందరు వినుండ్రి. నా వజ్రం ఈమె తియ్యలే. అది అసలుదే. నా కొడుకే కొట్టి పలగొట్టిండు. ఎరుకయినంక గూడ నోరు మూసుకున్నడు. తప్పు మాది."

రొట్టెలకు వచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఖైరున్నీసా చేతికంటిన పిండి దులుపుకుని లేచి నిలబడింది. నస్రీన్ వెళ్ళి తల్లి పక్కన నిలబడింది.

భాగమ్మ డబ్బా మూత తీసింది. పతకం ఊడదీయడానికి సేటు ఆనాడు దారం తెంపేశాడట. హారం ముత్యాలన్నీ విడివిడిగా డబ్బాలో పడి ఉన్నాయి. "నువ్వు గుచ్చినదే ఆఖరు. మల్ల ఎవలకు ఇయ్యలే. నువ్వే గుచ్చాలె," అంది. 

ఖైరున్నీసా ఒక ముత్యం తీసింది. కాలిన వేళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లించింది. వెలుగుకు పట్టి చూసింది. ఆ క్షణంలో ఆమె గుచ్చుతుందనే అనుకున్నాను. గుచ్చాలని నేనూ కోరుకున్నాను, అబద్ధమెందుకు. ఆమె ముత్యాన్ని మెల్లగా డబ్బాలో వేసి మూత పెట్టింది.

"ముందుగాల వీటిని గూడ మీ విఠల్ తాన సుత్తెతోని కొట్టిచ్చుకొని రా పెద్దమ్మా," అంది. "ఏమన్న మిగిలితె గుచ్చుత."

పెనం మీద రొట్టె మాడుతున్న వాసన వచ్చింది. ఆమె వంగి దాన్ని తిప్పింది.